మార్చికి ముందే కొట్టుకున్న ఊరు

టార్లో, వెస్ట్ వర్జీనియా
1987 జనవరి 6

ఒసే రొవీనా పిల్లా,

నీకు ఉద్యోగం ఇచ్చినవాళ్ళకి మతి లేదని నేను అప్పుడే అన్నాను. ఎనిమిది కాలేజీల కూటమి ఆఫీసంట, మార్చి నెల బాస్కెట్‌బాల్ టోర్నమెంటు ఏ ఊళ్ళో పెట్టాలో తేల్చే కమిటీకి కాయితాలన్నీ మా మనవరాలే సిద్ధం చేస్తుందంట! ఏ చెప్పు ఏ కాలిదో బళ్ళో వేసిందాకా తెలీని పిల్లవి. పోనీలే, ఆ కమిటీవాళ్ళు నీకంటే తెలివైనవాళ్ళయితే నిన్నెందుకు పెట్టుకుంటారు?

పేపర్లో చూశాను. వచ్చే ఏడు నుంచి టోర్నమెంటు మన టార్లోలోనే ఉంచుతారో, బ్రిగ్స్‌పోర్టుకి ఎత్తుకుపోతారో ఏప్రిల్లో చెప్తారంట. బ్రిగ్స్‌పోర్టా! ఆ ఊళ్ళో మనిషి తుమ్మాలన్నా పక్కవాడి అనుమతి అడుగుతాడు. వాళ్ళకి బంతాట దేనికే? మనకి గని మూతపడింది. గాజు ఫ్యాక్టరీ పోయింది. సినిమాహాల్లో పావురాలు కాపరం పెట్టాయి. మిగిలింది మార్చిలో ఆ నాలుగు రోజులే. అదీ పోతే ఈ లోయలో ఒక ఊరుందని దేవుడిక్కూడా ఎవడో ఒకడు గుర్తుచెయ్యాలి.

కొట్టుకుంటారనేగా మీవాళ్ళ ఏడుపు? ఏం చెయ్యమంటావు? ఎనిమిది జట్లు, ఎనిమిది చర్చిలు. చీటీలో ఏ చర్చికి ఏ జట్టు వస్తే ఆ పిల్లల్ని ఆ చర్చివాళ్ళే మేపుతారు, వాళ్ళే కాళ్ళు పిసుకుతారు. నాలుగు రోజులూ కడుపున పుట్టినట్టే. పోయినేడు కొండమీది చర్చికి వచ్చిన జట్టు మన ఏటిగట్టు చర్చి జట్టుని ఒక్క పాయింటుతో కొట్టింది. అక్కడితో ఊరుకోవచ్చుగా ఆ గ్రోవర్ మెస్సర్ గాడు? "మీ ఆడాళ్ళ వంట తిని పిల్లలకి కాళ్ళు చచ్చుబడ్డాయిరా" అన్నాడు. నా ప్రాణస్నేహితుడే, అయినా అనొచ్చా? మన పాస్టరుగారే కుర్చీ మడిచి మొదటి దెబ్బ వేశారు. ఒకడికి భుజం ఎముక విరిగింది, కొందరికి పళ్ళు రాలాయి. అంతేగా!

కమిటీ పెద్దాయన చెవిలో ఒక మంచి మాట వెయ్యి. నా కట్టుడుపళ్ళు మళ్ళీ కుక్క ఎత్తుకుపోయింది. ఇప్పుడది నాకంటే బాగా నవ్వుతోంది.

నీకంటే అందగాడు,
తాత హోబర్ట్


చార్ల్స్‌టన్
జనవరి 15

తాతయ్యా,

చెవిలో మాట వేసే వీల్లేదు. మాది టార్లో అని తెలిసి, కమిటీతో కలిసి ఊళ్ళు చూడడానికి కూడా నన్ను వెళ్ళనివ్వడం లేదు. కాగితాలు మాత్రమే నావి. కమిటీ పెద్ద ప్రూయిట్ గారు మొన్న అందరి ముందూ ఒకటే మాట అన్నారు: "ఆట చూడడానికి వచ్చినవాడు అంబులెన్సులో ఇంటికి వెళ్ళే ఊరు నాకొద్దు." నాకేసి చూడకుండా అన్నారు. అది ఇంకా కాలింది.

నువ్వు 'అంతేగా' అని రాశావు. మార్చి అంటే నాకు గుర్తొచ్చేది బంతి చప్పుడు కాదు. వంటింటి తొట్టిలో నానేసిన నాన్న చొక్కా, ఎర్రబడ్డ నీళ్ళు. నానమ్మ ఆ నీళ్ళు పారబోస్తూ "మనవాళ్ళే గెలిచార్లే" అనేది. చాలా రోజులు, గెలవడమంటే అదేననుకున్నాను.

అయినా టోర్నమెంటు అక్కడే ఉండాలని నాకూ ఉంది. అందుకే చెప్తున్నాను, ఈ మార్చిలో హాల్లో ఒక్క చుక్క నెత్తురు పడకూడదు. పడితే ఊరి పేరు కొట్టేస్తారు. కోపాలుంటే మార్చి రాకముందే ఎక్కడో ఒకచోట దులిపేసుకుని రమ్మను. నీ మాట వింటారు. నన్ను ఏడిపించే ఓపికలో సగం ఖర్చుపెట్టి వాళ్ళని బతిమాలు.

కుక్కకి నా ముద్దులు. నీకు కాదు.

రొవీనా


టార్లో
జనవరి 26

పిల్లా,

బుర్ర ఉందని ఇన్నాళ్ళూ నా దగ్గర దాచావే!

నీ ఉత్తరం ఎనిమిది చర్చిల పెద్దల్నీ కూర్చోబెట్టి చదివాను. నాకు చదవడం రాని మాట వచ్చినచోట దగ్గాను. మార్చిలో కొట్టుకోవద్దంట అనగానే గ్రోవర్ లేచాడు.

"కొట్టుకోకుండా ఆట చూడాలా? దానికంటే ఇంట్లో కూర్చుని గోడకేసి చూడొచ్చుగా?"

"నీ పెళ్ళాం చేసేది అదేరా, కాపరానికి వచ్చిన దగ్గర్నించీ. ఆ గోడవి నువ్వే" అన్నాను.

వాడు నా గొంతు పట్టుకోబోయాడు. ఈలోపు కింది మాట చదివేశాను, కోపాలుంటే మార్చి రాకముందే దులిపేసుకోవాలంట అని. చూడాలి ఆ మొహాలు! గదిలో దీపం పెట్టినట్టయింది. "ఇంత తేలిగ్గా ఉందే! మనకెందుకు తట్టలేదురా?" అని పాస్టరుగారు తొడ చరిచారు. "చదువుకున్న పిల్ల కదండీ" అన్నాను. నీ వల్ల నాక్కూడా కాస్త పరువొచ్చింది, జాగ్రత్తగా వాడుకుంటున్నా.

డ్రా తీశాం. ఎనిమిది చర్చిలు, చర్చికి ఐదుగురు, రెండు సగాలు. మీ టోర్నమెంటు ఎలాగో ఇదీ అలాగే, ఓడినవాళ్ళు ఇంటికి. శనివారం మధ్యాహ్నాలు, పొగాకు గోడౌన్లో. ఈల నాది. ఫిబ్రవరి ఇరవయ్యొకటిన ఆఖరి పోటీ. మీ ఆఫీసులో ఉత్తరాలు ఎవరెవరు విప్పుతారో తెలీదు కాబట్టి ఇంతకంటే రాయను.

మార్చి కల్లా ఊరు గొర్రెపిల్ల అయిపోద్ది, చూసుకో.

ఈల తాత


చార్ల్స్‌టన్
ఫిబ్రవరి 4

తాతయ్యా,

ఆఫీసులో గట్టిగా నవ్వేశాను, పక్కబల్ల ఆవిడ ఉలిక్కిపడింది. చర్చిలన్నీ కలిసి సొంతంగా టోర్నమెంటు పెట్టుకున్నాయా! కోపం దులుపుకోమంటే ఇంత చక్కటి దారి దొరికిందా! ఈ ఊహ నీదే అయితే నిన్ను ఇన్నాళ్ళూ తక్కువ అంచనా వేశాను.

కాగితాల్లో పెట్టేశాను: 'టార్లో ప్రజలు ఆట చూసేవారే కాదు, ఆడేవారు కూడా.' ప్రూయిట్ గారు అది మళ్ళీ మళ్ళీ చదివి, "బ్రిగ్స్‌పోర్టులో ఇలాంటిది లేదే" అన్నారు. ఆఖరి పోటీ చూడడానికి ఆయనే స్వయంగా వస్తారట! మంచి కుర్చీ వేయించండి. తాగొచ్చినవాళ్ళని దూరంగా కూర్చోబెట్టండి.

గ్రోవర్ తాత కూడా ఆడుతున్నాడా? ఈ వయసులో మోకాళ్ళు జాగ్రత్త అని చెప్పు.

ఎగిరి గంతేస్తూ,
రొవీనా


టార్లో
ఫిబ్రవరి 14

నా బంగారు కొండా,

మీ ప్రూయిట్ దొర ఇంత రసికుడనుకోలేదు! పేపర్లో బొమ్మ చూశాగా, మెడకి బో-టై కట్టుకునే మనిషి, నెత్తురు చూడ్డానికి అంత దూరం నుంచి వస్తున్నాడా! ముందు వరసలో కుర్చీ వేయిస్తా. తడవకుండా గొడుగు కూడా పట్టిస్తా.

నీకు నచ్చిందిగా, ఇక దాపరికమెందుకు, మొత్తం విను. మొదటి శనివారం రాతి చర్చి పది నిమిషాలు నిలవలేదు. తెల్ల చర్చిలో ఒక బడిపంతులున్నాడు చూడు, గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటాడు. ఆ పీనుగ తలతో కుమ్మి రాతి చర్చి గ్యారేజీవాడి ముక్కుని చెంప మీదికి జరిపాడు. తన్నితే ఫౌలు. కొరికితే రెండు ఫౌళ్ళు. ఐదు ఫౌళ్ళయితే బయటికి. అంతా పద్ధతిగా జరుగుతోంది.

ఇవాళ సెమీఫైనలు. గ్రోవర్ ఎడంచెయ్యి విసిరాడమ్మా, గనిలో మందు పేలినట్టు చప్పుడు! తెల్ల చర్చివాడి దవడ రెండు చోట్ల విరిగింది. వాడు నేల మీద పాకుతూ తన పన్ను తనే వెతుక్కుంటుంటే గ్రోవర్ కూడా వంగి వెతికిపెట్టాడు. వాడి జేబులో వేసి, లేపి నిలబెట్టి, మళ్ళీ కొట్టాడు. అరవై దాటితే మాత్రం, పలుగు పట్టిన చెయ్యి కదా. మోకాళ్ళు జాగ్రత్తని నువ్వన్నావని చెప్తే, "నా మోకాలు ఎవడి పొట్టలో దిగిందో వాణ్ణి జాగ్రత్తగా ఉండమను" అన్నాడు.

మన ఏటిగట్టు చర్చీ ఆఖరి పోటీకి చేరింది. నా చెల్లెలి కొడుకు లెంజీ ఒక్కడే ముగ్గుర్ని పడేశాడు. మూడోవాడు లేవకపోతే చచ్చాడేమో అనుకున్నాం. నీళ్ళు కొడితే లేచి, ఎవరు గెలిచారని అడిగాడు. గోడౌన్లో పొగాకు వాసన పోయి ఇంకో వాసన వస్తోంది, రంపపు పొట్టు చల్లుతున్నాం. ఊళ్ళో మాత్రం ఎంత మర్యాదో! కొట్టుకున్నవాళ్ళు బజార్లో ఎదురైతే టోపీలు తీస్తున్నారు. నీ మందు పనిచేస్తోంది డాక్టరమ్మా.

గొడుగు పట్టే తాత


చార్ల్స్‌టన్
ఫిబ్రవరి 18

తాతయ్యా,

ఆపండి. ఈ క్షణమే ఆపండి. నేను బంతాట అనుకున్నాను! ప్రూయిట్ గారూ బంతాటే అనుకుంటున్నారు. నేను దులుపుకోమన్నది కోపాలు, పళ్ళు కాదు!

మంచుకి లోయలో ఫోను తీగలు తెగాయట, లైను కలవడం లేదు. ఆయన్ని ఆపడం నావల్ల కాలేదు. ఎందుకు వెళ్ళకూడదని అడిగితే ఏం చెప్పను? మా తాతే డ్రా తీశాడని చెప్పనా?

ఈ ఎక్స్‌ప్రెస్ ఉత్తరం శనివారం లోపు అందాలి. ఒకవేళ ఆపలేకపోతే, కనీసం ఆయన గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి అక్కడ ఒక బంతి ఉండేలా చూడు. ఒక్క బంతి, తాతయ్యా. నీ కాళ్ళు పట్టుకుంటాను.

రొవీనా


టార్లో
ఫిబ్రవరి 23

రొవీనా,

నీ ఉత్తరం పోటీ మొదలయ్యాక అందింది. పోస్టాయన గోడౌనుకే తెచ్చిచ్చాడు. ఇచ్చినవాడు పోకుండా అక్కడే నిలబడి కేకలు పెట్టాడు. నేను కూడబలుక్కుని చదివేసరికి రెండో సగం నడుస్తోంది. ఆపమని ఈల ఊదాను. ఊదీ ఊదీ కళ్ళు బైర్లు కమ్మాయి. ఎవడు వింటాడు? అప్పటికే లెంజీ చెవి సగం వేలాడుతోంది. నెత్తురు కళ్ళకడ్డం వచ్చి, ఎవడు దొరికితే వాణ్ణి గుద్దుతున్నాడు, మనవాళ్ళతో సహా. పంతుల్ని పరిగెత్తించి బడి నుంచి బంతి తెప్పించాను. అది నా చేతికి వచ్చిందో లేదో, తలుపు తోసుకుని మీ బో-టై దొర లోపలికొచ్చాడు.

"బంతి!" అని అరిచి మధ్యలోకి విసిరాను.

ఆ తొక్కిసలాటలో బంతిని చూసినవాడు ఒక్కడే. గ్రోవర్. కుర్రతనంలో ఆడిన అలవాటు వాడికి పోలేదు. బంతి గాల్లో కనపడగానే రెండు చేతులూ పైకెత్తి మొహానికి అడ్డు తీసేశాడు. లెంజీ పిడికిలి అప్పటికే బయలుదేరింది. వాడి వేలికి ఉంగరం ఉంది.

చప్పుడు పెద్దగా రాలేదు పిల్లా. కుడికన్ను.

వాడు పడలేదు. ఒక చేత్తో కన్ను మూసుకున్నాడు, వేళ్ళ సందుల్లోంచి కారుతోంది. రెండో చేత్తో ఆ బంతిని ఒడిసి పట్టి తనవాడికి అందించాడు. "ఆడండ్రా, దొర చూస్తున్నాడు" అన్నాడు. అంతే, పదిమందీ బంతాట మొదలుపెట్టారు. బుట్టల్లేవు, గీతల్లేవు. విరిగిన చేతులతో, ఊగే పళ్ళతో, ఆ చివర నుంచి ఈ చివరకి బంతిని మోశారు. బంతి నేలకి కొట్టినప్పుడల్లా రంపపు పొట్టు ఎర్రగా ఎగిరింది. మీ దొర చప్పట్లు కొట్టాడు.

"ఈ లోయలో మొరటుగానే ఆడతారే! బుట్టలెక్కడ?" అని నన్నడిగాడు.

"రంగు వెయ్యడానికి దించామండీ" అన్నాను.

తలూపి, గ్రోవర్ చెయ్యి కుదిపి, రుమాలుతో తన చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయాడు. కారు మలుపు తిరిగిందాకా గ్రోవర్ నిలబడే ఉన్నాడు. తర్వాత నరికిన చెట్టులా పడ్డాడు.

ఆస్పత్రిలో ఆ కన్ను తీసేశారు. ఇవాళ నాకు ఎగతాళి రావట్లేదు.

హోబర్ట్


చార్ల్స్‌టన్
మార్చి 2

తాతయ్యా,

బంతి అన్నది నేను. నువ్వు విసిరావు, లెంజీ గుద్దాడు, కానీ ఆ బంతిని ఇక్కడ కుర్చీలో కూర్చుని పంపింది నేను. గ్రోవర్ తాతకి ఆ సంగతి తెలుసా?

ప్రూయిట్ గారు ఏం రాశారో తెలుసా? 'ఉత్సాహంలో టార్లో తర్వాతే ఏ ఊరైనా.' ఓట్లు మీవైపు మొగ్గుతున్నాయని ఇక్కడ అందరూ అంటున్నారు. అది వినగానే సంతోషం వేసింది. మరుక్షణం నా మీద నాకే రోత పుట్టింది.

ఈ నాలుగు రోజులూ చేతులు కట్టేసుకోండి. ఆ కన్నుకైనా ఫలితం ఉండాలి.

రొవీనా


టార్లో
మార్చి 16

పిల్లా,

ఒక్క చుక్క పడలేదు. కొట్టుకోవడానికి ఎవడి ఒంట్లోనూ పనికొచ్చే భాగం మిగల్లేదు మరి. సగం మందికి ఒక చెయ్యి మెళ్ళో వేలాడుతోంది. చప్పట్లు కొట్టాలంటే పక్కవాడి చెయ్యి అరువడిగారు. జట్లవాళ్ళకి వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె వడ్డించి, దవడలకి తీగలు కట్టించుకున్నవాళ్ళు ఎదురుగా కూర్చుని గొట్టంతో సూపు పీల్చారు. ఆటగాడొకడు భయపడి నన్నడిగాడు, "ఊళ్ళో గనేమన్నా కూలిందా తాతా?" అని. "లేదు నాయనా, ఈమధ్య ప్రార్థన ఎక్కువైంది" అన్నాను.

గ్రోవర్ కంటికి నల్లగుడ్డ కట్టుకుని వచ్చాడు. వాళ్ళ జట్టు ఆఖరి క్షణంలో మన జట్టు చేతిలో ఓడింది. ఊరంతా ఊపిరి బిగబట్టి వాడికేసి చూసింది. లెంజీ, చెవికి కట్టుతో, పోయి వాడి పక్కన కూర్చున్నాడు. గ్రోవర్ కాస్త జరిగి చోటిచ్చాడు. కొట్టుకున్నా బావుండేది అనిపించింది నాకు.

నువ్వడిగావుగా, బంతి సంగతి వాడికి తెలుసు. "పిల్ల సలహా బాగానే ఉంది, విసిరినవాడే గుడ్డివెధవ" అన్నాడు. కాబట్టి నీ వాటా తిట్లు కూడా నేనే తింటున్నా.

మనం చెయ్యాల్సింది చేశాం. ఇక మీ వంతు.

సూపు తాగే తాత


చార్ల్స్‌టన్
ఏప్రిల్ 9

తాతయ్యా,

బ్రిగ్స్‌పోర్టుకి ఇచ్చారు.

దెబ్బలాటల వల్ల కాదు. ఆ మాటే ఎవరూ ఎత్తలేదు. చర్చిల వంటలూ, ప్రూయిట్ గారి మెచ్చుకోలూ కూడా ఎత్తలేదు. టీవీవాళ్ళకీ, కాలేజీల పెద్దలకీ, వాళ్ళ వెంట వచ్చేవాళ్ళకీ హోటలు గదులు కావాలట. టార్లోలో అన్ని మంచాలు లేవు. అంతే.

ప్రూయిట్ గారిని వరండాలో ఆపి అడిగాను. "అది పోయిన ఏడే తేలిపోయిన సంగతమ్మా. ఊళ్ళు చూసి రావడం ఒక మర్యాద" అన్నారు. మరి అంబులెన్సు మాట అన్నారుగా అంటే, "అన్నానా? మాటవరసకి అని ఉంటాను" అని నవ్వారు. నా చేతిలో వేడి కాఫీ కప్పుంది. అది ఆయన మొహాన కొట్టడానికి నా చెయ్యి నిజంగా లేచింది. మన ఇంటి చెయ్యే నాదీ అని అప్పుడు తెలిసింది. దించేశాను. దించినందుకు ఇంకా మండుతోంది.

గ్రోవర్ తాతకి నువ్వే చెప్పు. నావల్ల కాదు.

రొవీనా


టార్లో
ఏప్రిల్ 17

పిల్లా,

కొట్టాల్సింది. సరేలే, కాఫీ దండగ.

చెప్పడానికి వెళ్ళాను. పెరట్లో చిక్కుడు గింజలు పెడుతున్నాడు, ఒంటికన్నుతో సాలు వంకరపోతోంది. "పోయిందిరా" అన్నాను. పార కింద పడేశాడు.

"ఎందుకంట?"

మంచాలు చాలక అని చెప్పడానికే నోరు తెరిచానే. రాలేదు. మనిషి ఒక కన్ను ఇచ్చాక, మంచాలు చాల్లేదురా అని ఏ నోటితో చెప్తారు?

"నిన్ను చూసి" అన్నాను.

"నన్నా?"

"నీ ఎడంచేతిని చూసి. ఆ దొర మనం అనుకున్నంత వెర్రివాడు కాదు, అంతా కనిపెట్టాడు. ఆ చెయ్యి ఉన్న ఊరికి మన పిల్లల్ని పంపేది లేదని బల్ల గుద్దాడంట."

నన్ను కొడతాడనే అనుకున్నాను. ఊరి టోర్నమెంటు పోగొట్టింది నువ్వే అన్నట్టేగా. వాడు తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"నిజంగా భయపడ్డారా?"

"వణికారు."

"బ్రిగ్స్‌పోర్టు మనకంటే బావుందని కాదుగా?"

"దాని మొహం, దాని పేరెవడెత్తాడు? నీ నుంచి పారిపోతుంటే ఎదురొచ్చిన మొదటి ఊరది."

నవ్వాడు. ఆ కంటిగుంట నొప్పెట్టి బూతులు తిడుతూ, గోడ పట్టుకుని నవ్వాడు. సాయంత్రానికి ఊరంతా చాటాడు. ఏడవాల్సిన జనం ఛాతీలు విరుచుకు తిరుగుతున్నారు. మమ్మల్ని చూసి ఎనిమిది కాలేజీలు పారిపోయాయి అని పక్క ఊళ్ళకి కూడా చెప్పొస్తున్నారు. నిన్న బజార్లో ఒక దెబ్బలాట కూడా అయింది. చిన్నదే, ఒక్క ముక్కే.

బడిపంతులొక్కడే నమ్మట్లేదు. "అసలు కారణం ఇంకేదో ఉండుంటుంది" అని గ్రోవర్ మొహం మీదే అన్నాడు. వాడు ఇవాళ పొద్దున్నే నా గుమ్మంలోకి వచ్చి, "పిల్ల ఆఫీసులో కాయితం మీద ఉంటుందిగా, పంపమనరా" అన్నాడు. టోపీ చేత్తో పట్టుకుని అడిగాడు. గ్రోవర్ టోపీ తీయడం నేనెప్పుడూ చూళ్ళేదు.

నీకు అబద్ధం రాయడం రాదు, మీ నానమ్మ పోలిక. నేను అడగను. అడక్కుండానే ఇక్కడితో ఆపుతున్నా.

హోబర్ట్


ఎనిమిది కాలేజీల కూటమి కార్యాలయం
చార్ల్స్‌టన్
1987 ఏప్రిల్ 24

గ్రోవర్ మెస్సర్ గారికి,
కొండమీది చర్చి, టార్లో

అయ్యా,

మా బాస్కెట్‌బాల్ టోర్నమెంటును టార్లో నుంచి తరలించడానికి గల కారణాన్ని తెలియజేయవలసిందిగా మీరు కోరినట్లు తెలిసింది.

మా కమిటీ పెద్ద గత ఫిబ్రవరిలో మీ ఊరిని స్వయంగా పరిశీలించారు. వసతి, భోజనం, ఆదరణ విషయాల్లో టార్లోలో ఏ లోపమూ కనబడలేదు. అయితే మీ ఎడమ చేతిని దగ్గర నుంచి చూసిన మీదట, ఆటగాళ్ళ, శిక్షకుల, మరీ ముఖ్యంగా కమిటీ సభ్యుల ప్రాణరక్షణ దృష్ట్యా వేరొక ఊరిని ఎంచుకోక తప్పలేదు. అటువంటి చెయ్యి లేకపోవడం తప్ప బ్రిగ్స్‌పోర్టుకు మరే అర్హతా లేదని కూడా ఇందుమూలంగా తెలియజేస్తున్నాము.

గాయపడి కూడా మీరు బంతిని తోటి ఆటగాడికి అందించిన సంగతి ఈ కార్యాలయంలో ఒకరికి తెలుసు. వారు దానిని మరచిపోరు.

ఈ ఉత్తరాన్ని బడిపంతులు గారికి చూపించవచ్చును. ఆయనకు ఇంకా సందేహం ఉన్నట్లయితే, దానిని తీర్చే విధానం మీకు వదిలివేయడమైనది.

భయభక్తులతో,
రొవీనా స్టంబో
టోర్నమెంటు వేదికల విభాగం